ఏడో గుంత దగ్గర లేని ఇల్లు

మా కంకరబండ గోల్ఫ్ క్లబ్బు చరిత్ర రాసింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. తప్పు చేసినవాడు తానే ముందుగా వచ్చి ఒప్పుకుంటే శిక్ష కాస్త తగ్గుతుందంటారు, ఆ ఆశతో చెబుతున్నాను.

కంకరబండలో పచ్చగడ్డి మొలవదు. మొలిచినా మా ఊరి మేకలు దాన్ని బతకనివ్వవు. అలాంటి చోట వందేళ్ళ పైచిలుకు కిందట రైలు కంపెనీ దొరలు గోల్ఫ్ మైదానం పెట్టారు. బంతిని చివరగా దొర్లించి గుంతలో వేసే చోట మిగతా లోకంలో పచ్చిక పెంచుతారు. ఇక్కడ ఇసుకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి పరిచారు. ఇప్పటికీ అదే. తొమ్మిది గుంతలు, తొమ్మిది నూనె మరకలు, మధ్యలో కంప. దొరలు వెళ్ళిపోయాక కాంట్రాక్టర్లు, డాక్టర్లు, రిటైరైన ఇంజనీర్లు మెంబర్లయ్యారు. వాళ్ళలో నూటికి తొంభై మంది కర్ర పట్టరు, పేక పడతారు. కర్ర పట్టిన పదిమందీ బంతి కంపలోకి పోయినప్పుడల్లా మైదానం వాలుగా ఉందంటారు. ఆడలేక మద్దెల ఓడన్నది ఇలాంటి వాళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఒకరోజు క్లబ్బు ప్రెసిడెంటు పద్మనాభం గారు కబురు పెట్టారు. ఆయన ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరుగా చేసి దిగారు. కుర్చీ దిగారు గానీ, ఆ భాష మాత్రం ఆయన నోట్లోంచి దిగలేదు.

“మాస్టారూ, మన సంస్థకు ఘనమైన గతం ఉన్నది. అయితే అది ప్రస్తుతం లిఖితపూర్వకంగా అందుబాటులో లేదు. తమరు దానిని రెండు వందల పేజీలకు తగ్గకుండా సమకూర్చవలసి ఉంటుంది” అన్నారు.

ఆధారాలేమున్నాయని అడిగితే సెక్రటరీ చక్రపాణి గారు చెదలు తిన్న మినిట్స్ పుస్తకం ఒకటి నా ముందు పెట్టారు. ఆయన వకీలు. ఏ సంగతినైనా తీర్మానం కింద మార్చగలరు. ఆ పుస్తకంలో పనికొచ్చే పేజీలు పదకొండున్నాయి. సగం విస్కీ సీసాల లెక్క. 1913 దగ్గర మాత్రం ఒక మాట కనిపించింది. “క్యాప్టెన్ విల్మాట్ కొట్టిన బంతి ఏడో గుంత పక్కనున్న గుడిసెలో సంగటి కుండలో పడినది. అక్కడి నుంచే కొట్టి గెలిచెను. కుండ పగిలెను.” దాని కిందే ఒక నియమం చేర్చారు. గుడిసెలో పడిన బంతిని ఉన్నచోటి నుంచే కొట్టాలి, కొట్టలేనివాడు పోటీలోంచి తప్పుకున్నట్టే. దానికి ఏడవ నియమమని పేరు.

పదకొండు పేజీలను రెండు వందలు చేయాలి. గోరంతను కొండంత చేయడం తప్ప నాకు వేరే దారి లేదు. ఆ గుడిసెకు బోదగడ్డి కప్పాను. గుమ్మంలో ఒక ముసలమ్మను కూర్చోబెట్టాను. ఆమె చేత “కొట్టు దొరా, కుండ పోతే పోయె” అనిపించాను. కుండ పగిలాక దొర టోపీ తీసి ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు. ఇదంతా ఎనభై మూడో పేజీ నుంచి ఎనభై ఏడో పేజీ దాకా ఉంది, ఒక్క ముక్క నిజం లేదు. ఆ రోజు ఆ ఇంట్లో వాళ్ళంతా పస్తు పడుకుని ఉంటారన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

చిక్కేమిటంటే ఆ గుడిసె ఇంకా ఉంది. గుడిసంటే అదే గుడిసె కాదు, అదే స్థలంలో పదిసార్లు పడి పదిసార్లు లేచిన బోద కొట్టం. స్థలం పట్టా వాళ్ళదే, చుట్టూ భూమి మాత్రం క్లబ్బుది. ఇప్పుడు అందులో సుంకులమ్మ, ఆమె అత్త ఓబులమ్మ ఉంటున్నారు. ఓబులమ్మకు నడుము పడిపోయి మూడేళ్ళయింది, మంచం దిగలేదు. సుంకులమ్మ మొగుడు గంగన్న బెంగళూరులో మేస్త్రీ, పరాయి వాళ్ళకు మిద్దెలు పోస్తుంటాడు. నేను పుస్తకం రాస్తున్న ఏడే వీళ్ళకు ప్రభుత్వం ఇల్లు మంజూరు చేసింది. ఆగస్టు నెలాఖరుకు పునాది తీయకపోతే రద్దవుతుంది. స్థలం క్లబ్బు మధ్యలో ఉంది కాబట్టి అభ్యంతరం లేదని క్లబ్బు నుంచి ఒక ఉత్తరం తెమ్మన్నారు. మే నెలలో ఆమె వచ్చి అడిగితే చక్రపాణి గారు దానికేముందమ్మా ఇస్తాం అన్నారు. జూన్లో నా పుస్తకం వచ్చింది.

పుస్తకంతో పాటే జీవవారసత్వ మండలి అని ఒకటి కొత్తగా పుట్టింది. వందేళ్ళుగా ఏ మార్పూ లేకుండా, మనుషులు మసలుతూ ఉన్న వస్తువు దేన్నయినా చూపిస్తే ఆ సంస్థకు ధ్రువపత్రం ఇస్తామని ప్రకటించింది. ధ్రువపత్రం మాట వినగానే పద్మనాభం గారికి ఆకలి కూడా పోయింది. క్లబ్బులో వందేళ్ళ నాటి వస్తువేదని వెతికారు. పాత పెంకుల భవనాన్ని ఆయనే పడగొట్టించి అద్దాల హాలు కట్టించారు. దొరలు నాటిన వేపచెట్లు కార్లు నిలపడానికి పోయాయి. పాత కర్రలను ఎవరో మెంబరు టమాటా పాదులకు ఊతంగా పాతుకున్నాడు. ఇక మిగిలింది సుంకులమ్మ కొట్టం ఒక్కటే.

జూలై మొదటివారం కమిటీ కూర్చుంది. చరిత్రకారుడి హోదాలో నన్నూ పిలిచారు. సుంకులమ్మ ఉత్తరం కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“సార్, ఆగస్టు నెలాకరు దాటితే ఇల్లు కాన్సిలంటాండారు. మా అత్త లేవలేదు. వానొస్తే మంచం ఈ మూలకొకసారి, ఆ మూలకొకసారి జరుపుతా ఉండాను. మీ లెటరు ఒకటి ఇచ్చినారంటే సాలు” అంది.

“అమ్మా, తమరి విజ్ఞాపన మా దృష్టిలో ఉన్నది. అయితే తమరి నివాసం కేవలం తమరిది కాదు. అది ఈ సంస్థ యొక్క ఆటలో బంతికి ఏర్పడిన చారిత్రక అవరోధం. ఎనభై మూడో పేజీ ప్రకారం దానికి బోద కప్పు ఉండవలసి ఉన్నది. దాని స్థానంలో సిమెంటు కప్పు ఏర్పడినచో బంతి పడే స్వభావంలో మౌలికమైన మార్పు సంభవించగలదు” అన్నారు పద్మనాభం గారు.

ఆమెకు అర్థం కాలేదు. “అంటే ఇస్తారా, ఇయ్యరా సార్?” అని అడిగింది.

“సానుకూలంగా తిరస్కరించడమైనది” అన్నారు చక్రపాణి గారు.

ఆమె నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకం వైపు చూశాను.

ఆ మరుసటి వారం గుడిసె సంరక్షణ ఉపసంఘం ఏర్పడింది. ముగ్గురు మెంబర్లు నా పుస్తకం, కొలత టేపు పట్టుకుని కొట్టానికి వెళ్ళారు. కప్పు మీద కారకుండా సుంకులమ్మ కట్టిన నీలం పట్ట కనిపించింది. 1913లో ప్లాస్టిక్కు ఉన్నట్టు ఆధారం లేదు కాబట్టి తీయించారు. పట్ట తీస్తే దాని కింద కుళ్ళిన బోద, జానెడు బొక్క బయటపడ్డాయి. బొక్క గురించి పుస్తకంలో ఏమీ లేదు గనుక దాని జోలికి పోలేదు. కరెంటు బల్బు తీసేశారు. గ్యాసు పొయ్యిని వెనక్కి పెట్టించి, ఆదివారం పూట కట్టెల పొయ్యి మీద మట్టికుండలోనే సంగటి కెలకాలన్నారు. ఓబులమ్మ పడుకున్న నైలాన్ పట్టీల మంచం మార్చి నులక మంచం తెచ్చారు. సుంకులమ్మ ఫోను మాట్లాడాలంటే ఇంటి వెనక్కి వెళ్ళి మాట్లాడాలి. వాకిట్లో ఒక బోర్డు పాతారు. “చారిత్రక అవరోధం. చేతితో తాకరాదు.”

సుంకులమ్మ ఉపసంఘంలో ఉన్న డాక్టరు గారిని అడిగింది. “మా అత్త మాత్రలు గూడా అప్పటివే మింగల్లా సార్?”

డాక్టరు గారు నా పుస్తకం తిరగేసి చూశారు. “ఆ అంశం తదుపరి సమావేశంలో చర్చకు వస్తుంది” అన్నారు.

ఈ మాట ఆమె నాకు చెప్పిన రోజు నేను అన్నం సరిగా తినలేకపోయాను. ఆ పూట వాన కూడా పడింది. వెళ్ళి చూద్దును కదా, ఓబులమ్మ మంచం మీద గొడుగు కట్టి ఉంది. ఆ గొడుగు కూడా ఉపసంఘం కంట పడకుండా ఆదివారం దాచాలట. ముసలామె నన్ను చూసి “ఈ సారేనా మన యవ్వ కత రాసింది?” అని కోడల్ని అడిగింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తిన్నగా క్లబ్బుకు వెళ్ళి పద్మనాభం గారి ముందు నిలబడ్డాను. “ఎనభై మూడో పేజీ నుంచి ఎనభై ఏడో పేజీ దాకా నేను కల్పించాను. బోద కప్పు లేదు, ముసలమ్మ లేదు. మినిట్స్‌లో ఉన్నది మూడు ముక్కలే. తప్పొప్పుల పట్టిక వేసి పంచుతాను, ఆమెకు ఉత్తరం ఇచ్చేయండి” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తమరు ఇప్పుడు ఏ హోదాలో మాట్లాడుతున్నారు?”

“రాసినవాడి హోదాలో.”

“రచయితగా తమరి బాధ్యత ఆవిష్కరణ తేదీతో ముగిసినది. ఆ చరిత్రను సర్వసభ్య సమావేశం ఆమోదించినది. ఆమోదం పొందిన చరిత్ర జరగలేదని చెప్పే అధికారం తమరికి లేదు.”

“జరగలేదని నాకు తెలుసు కదండీ.”

“అది తమరి వ్యక్తిగత అభిప్రాయం” అన్నారు చక్రపాణి గారు. “కావాలంటే కల్పించినందుకు మీ మీద విచారణ వేస్తాం. చరిత్ర జోలికి మాత్రం రాం.”

నలభై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను. అది ఎలా తయారవుతుందో ఆ సాయంత్రం తెలిసింది.

ఆగస్టు రెండో ఆదివారం వారసత్వ కప్పు పోటీ పెట్టారు. ధ్రువపత్రం ఇవ్వడానికి మండలి కమిషనర్ గారు రాజధాని నుంచి వచ్చారు. ఆయనకు గోల్ఫంటే ప్రాణం. గోల్ఫుకు మాత్రం ఆయనంటే గిట్టదు. కప్పు ఆయనకే రావాలని కమిటీ ముందే అనుకుంది. కానీ ఆయన చేతిలో ఓడిపోవడం మాటలు కాదు. ఆయన బంతి మూడు గజాలు పోతే వీళ్ళది రెండు గజాలకే ఆగాలి. అందుకోసం మెంబర్లు పది రోజులు పొద్దున్నే లేచి సాధన చేశారు. క్లబ్బు చరిత్రలో మెంబర్లు అంత శ్రద్ధగా ఆడింది అదొక్కసారే.

ఆరు గుంతలు సవ్యంగా గడిచాయి. అందరూ చక్కగా ఓడిపోతున్నారు. ఏడో గుంత దగ్గర కమిషనర్ గారు ఆ రోజుకంతటికీ మంచి దెబ్బ ఒకటి కొట్టారు. బంతి పైకి లేచి, కొట్టం మీదికి వచ్చి, నీలం పట్ట తీసిన చోట జానెడు బొక్కలోంచి సూటిగా లోపలికి పడింది.

అందరం లోపలికి వెళ్ళాం. బంతి ఓబులమ్మ కప్పుకున్న బొంత మడతలో, సరిగ్గా ఆమె మోకాళ్ళ మధ్య ఉంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత తల వంచుకుని దూరి వస్తున్న పద్నాలుగు మంది పెద్దమనుషులను చూసింది.

“ఏడవ నియమం” అన్నాడు ఎవరో వెనక నుంచి. ఆ నియమాన్ని బంగారు అక్షరాలతో రాయించి హాల్లో వేలాడదీశారు. కమిషనర్ గారు పొద్దున దాని పక్కన నిలబడి ఫోటో దిగారు. ఉన్నచోటి నుంచే కొట్టాలి. కొట్టలేకపోతే కప్పు పోతుంది.

కమిషనర్ గారు ఇనుప కర్ర పట్టుకుని మంచం చుట్టూ ఒకసారి తిరిగారు. గురి చూశారు. సుంకులమ్మ వచ్చి అత్తకూ కర్రకూ మధ్య నిలబడింది.

“ఏం సార్, మా అత్తను కొడతారా?”

“అవరోధం మాట్లాడరాదు” అన్నారు చక్రపాణి గారు అలవాటు చొప్పున.

“మా అత్త మీద కర్ర లేపినారంటే నేనూ లేపుతా. నా దగ్గర రోకలుంది” అంది ఆమె. అరవలేదు. మామూలుగానే చెప్పింది, అందుకే అందరూ నమ్మారు.

కమిషనర్ గారు కర్ర దించారు. “నియమాలను మేము గౌరవిస్తాము. అయితే నియమం ఆటగాడికి ఆటంకం కారాదు. ఈ విషయంలో స్థానిక కమిటీ సముచితమైన వివరణ ఇవ్వవలసి ఉంటుంది. లేనిచో ధ్రువపత్రం అంశాన్ని పునఃపరిశీలించవలసి రావచ్చును” అన్నారు.

పద్మనాభం గారి మొహం పాలిపోయింది. బయట ఎండ మండుతోంది కాబట్టి కమిటీ సమావేశం అక్కడే, ఆ కొట్టం నీడలోనే జరిగింది. చక్రపాణి గారు ఓబులమ్మ మంచం పట్టె మీద కాగితం ఆనించి తీర్మానం రాశారు. నియమాన్ని మార్చాలంటే సర్వసభ్య సమావేశం కావాలి, నెల రోజుల గడువు కావాలి. గుడిసెను మార్చడానికి అదేమీ అక్కర్లేదు. అందుచేత ఇలా రాశారు: “ఏడవ గుంత వద్ద గుడిసె గానీ, గృహం గానీ, ఏ విధమైన కట్టడం గానీ లేదనియు, ఎన్నడూ లేదనియు, ఇకమీదట ఉన్నప్పటికీ లేనట్టేననియు కమిటీ ఏకగ్రీవంగా నిర్ధారించడమైనది.” అందరూ సంతకాలు చేశారు. బొంత మడతలోంచి బంతి తీసి బయట చదునైన నేల మీద పెట్టారు. కమిషనర్ గారు కప్పు గెలిచారు. సాయంత్రం అద్దాల హాల్లో ఆ లేని గుడిసెకే ధ్రువపత్రం ఇచ్చి, చప్పట్ల మధ్య కారెక్కారు.

మరునాడు సుంకులమ్మ మా ఇంటికి వచ్చింది. “నిన్న మా ఇంట్లో కూచోని ఏందో రాసినారు గదా సార్, దాంట్లో ఏముందో సదివి సెప్పండి” అంది. మినిట్స్ పుస్తకంలో ఎక్కించమని ఆ తీర్మానం నాకే ఇచ్చారు. చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదవమంది.

“అంటే ఆడ ఇల్లు లేనట్టేనా?”

“లేనట్టే.”

“ఇంగ కట్టుకున్నా లేనట్టేనా?”

“అలాగే రాశారు.”

ఆమె వెళ్ళబోతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. “లేని ఇంటికి వాళ్ళ లెటరు ఎందుకు సార్?” అంది.

నలభై ఏళ్ళ నా చదువుకు ఆ ప్రశ్న తట్టలేదు. తీర్మానానికి నకలు తీసి, నిజప్రతి అని రాసి, క్లబ్బు నాకిచ్చిన చరిత్రకారుడి ముద్ర గట్టిగా నొక్కి ఇచ్చాను. ఆ ముద్ర నా చేత చేయించిన మంచిపని అదొక్కటే. గృహనిర్మాణ కార్యాలయంలో ఇంజనీరు ఆ కాగితం చూసి ఊపిరి పీల్చుకున్నాడట. “ఇల్లు లేదని, కట్టినా లేనట్టేనని క్లబ్బోళ్ళే రాసిచ్చినారు, ఇంగ అభ్యంతరం యాడిది? ఇల్లు లేనోళ్ళకే గదమ్మా మేం ఇల్లిచ్చేది” అన్నాడట.

గంగన్న బెంగళూరు నుంచి తన జట్టుతో దిగాడు. ఆగస్టు ఇరవై ఆరున పునాది తీశారు. గోడలు నడుమెత్తు లేచాక గాని పేకాట గదిలో వాళ్ళకు తెలియలేదు. పద్మనాభం గారు, చక్రపాణి గారు ఆదరాబాదరా వచ్చారు. నేను అక్కడే ఇటుకల మీద కూర్చుని ఉన్నాను.

“ఏమిటిది?” అన్నారు పద్మనాభం గారు.

“ఏది సార్?” అంది సుంకులమ్మ.

“ఈ ఇల్లు.”

“ఇల్లుండాదా సార్? ఉంటే ఉందని రాసియ్యండి” అని ఆమె చేతులు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, నకలు కాగితం తీసింది.

పద్మనాభం గారు జేబులోంచి కలం తీయబోయారు. చక్రపాణి గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. “సార్, ఉందని రాస్తే ఆ రోజూ ఉన్నట్టే. ఉంటే కమిషనర్ గారి బంతి పోయినట్టే, కప్పు పోయినట్టే. కప్పు వెనక్కి ఇమ్మని ఆయనకు ఎవరు రాస్తారు?” అని చెవిలో అన్నారు, నాక్కూడా వినపడేంత గట్టిగా. ఇద్దరూ ఆ గోడల వంక చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మనం చూడలేదు” అన్నారు పద్మనాభం గారు చివరికి. వెళ్ళేటప్పుడు చక్రపాణి గారి కాలికి ఇటుక తగిలింది, కుంటుతూ వెళ్ళారు గాని వంగి చూసుకోలేదు.

ఆ తర్వాత క్లబ్బులో సర్క్యులర్ వచ్చింది. ఏడో గుంత వైపు మెంబర్లు ఆడవచ్చు గాని పరికించరాదు. మిద్దె మీద పడి బంతి ఎగిరి వెనక్కి వస్తే గాలి వల్ల అని రాసుకోవాలి. కంకరబండలో అంత గాలి ఎప్పుడూ లేదు.

అక్టోబరులో ముసురు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం నేను సుంకులమ్మ ఇంటి పంచలో కూర్చుని, ఓబులమ్మ తన అత్త గురించి చెప్పేది రాసుకుంటున్నాను. ముసలామె మంచం గది నడిమధ్యన వేసి ఉంది, ఎక్కడికీ జరపడం లేదు. ఉన్నట్టుండి వాన కుండపోతగా దిగింది. షుగరు కోసం నడవడానికి వచ్చిన పద్మనాభం గారు మైదానం మధ్యలో చిక్కుబడిపోయారు. దగ్గరలో చెట్టు లేదు. ఆయన గబగబా వచ్చి, పంచకు రెండు గజాల దూరంలో టక్కున ఆగిపోయారు. వెనక కాస్త దూరంలో ఇద్దరు మెంబర్లు గొడుగు కింద నిలబడి ఆయన్నే చూస్తున్నారు.

సుంకులమ్మ బయటికి వచ్చింది. “రాండి సార్, తడిసిపోతాండారు. లోపలికి రాండి” అంది. వెటకారం లేదు, నిజంగానే పిలిచింది.

ఆయన మా మీదుగా ఎటో దూరంగా చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు కళ్ళజోడు మీంచి కారుతున్నాయి. ఆమె రెండోసారి పిలిచింది. లేని ఇంట్లో లేని మనిషి పిలిస్తే ఏమని చెబుతారు.

లోపల్నుంచి ఓబులమ్మ అడిగింది, “ఎవురే వాకిట్లో?”

సుంకులమ్మ తడిసి వణుకుతున్న ఆ మనిషిని తల నుంచి కాళ్ళ దాకా నిదానంగా చూసింది.

“ఎవురూ లేరత్తా” అని లోపలికి వెళ్ళింది.